ఆనందకుమారి విడదీసిన పనులు

అల్లూరు అవతల సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, నెల్లూరులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేసే ఆనందకుమారి గురించి ఆ పల్లెలో ఎవరినడిగినా మంచి మాటే చెప్తారు. ఇంత జరిగాక కూడా అదే చెప్తారు. ఆమెకు భరించరానిది అదే. తిట్టినా బాగుండేది పాపం.

ఆమె ఉద్యోగమేమిటో పల్లెలో కాస్తోకూస్తో తెలిసినవాడు తమ్ముడు పెంచలయ్య. చేపల వేటకు పోయేవాడే గానీ అక్క మాట్లాడుతుంటే చెవులప్పగించి వినేవాడు. పెద్ద పని ఒకటి చేతికిస్తారు, దాన్ని ముక్కలు చెయ్యాలి, ఒక్కో ముక్కను సర్వీసు అంటారు. ఏది విడిగా నిలబడగలదో, ఏది ఇంకోదానిలో కలిసి ఉండాలో తేల్చేదే ఆమె పని. ఒక సర్వీసు ఒక్క పనే చెయ్యాలి, పక్కదాని సంగతిలో వేలు పెట్టకూడదు. ఇదంతా విని, అయితే మా ఆవిడ నీ సర్వీసుకు పనికిరాదక్కా అని పెంచలయ్య నవ్వినాడట. పక్కనే ఉన్న అతని భార్య సాయిలక్ష్మి చేటతో ఒక్కటిచ్చింది.

అలాంటిది, సొంత పల్లె బోట్ల సంఘమే వాళ్ళ కంపెనీకి పని ఇచ్చేసరికి ఆనందకుమారి కాళ్ళు నేల మీద నిలవలేదు. తమ్ముడి ఇంట్లోనే మకాం పెట్టి, ఒడ్డున ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి అడిగింది. ఐసు తెప్పించడం ఒక సర్వీసు. డీజిలు ఒకటి. వచ్చిన చేపల్ని తూకం వేసి అమ్మడం ఒకటి. చక్కగా విడిపోయాయి.

ఐసు దగ్గర మాత్రం ఒక తలనొప్పి ఉండేది. దాని పేరు అమీర్ బాషా. ఊళ్ళో ఐసు అంగడి ఆయనదొక్కటే. తన నీలం పెట్టెల్లోనే ఐసు ఇచ్చేవాడు. పొద్దుగూకేలోపు పెట్టె తిరిగి రాకపోతే ఇక ఆయన్ని పట్టలేం. ఫోన్లు చేసేవాడు, ఇళ్ళ ముందుకొచ్చి నిలబడేవాడు, నా పెట్టె ఏదిరా అని వీధంతా వినబడేలా అరిచేవాడు. పిసినారి ముసలాయన అని ఆడవాళ్ళు తలుపులేసుకునేవాళ్ళు. ఆ గోల వదిలించమ్మా, నీకు పుణ్యముంటుందన్నారు. ఆనందకుమారి కూడా నవ్వి, అది సర్వీసు కాదు, ఒక మనిషి చాదస్తం అని తీసి పక్కన పెట్టింది. ఇక మీదట ఐసు తిరిగివ్వక్కర్లేని తెల్ల థర్మాకోల్ పెట్టెల్లో వస్తుంది. పెట్టెలు పోయే బాధ తప్పినందుకు అమీర్ బాషా కూడా సంతోషించినాడు.

బోటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది అన్నదాన్ని ఆమె మరిచిపోలేదు. దానికీ విడిగా ఒక సర్వీసు పెట్టింది. బయల్దేరేముందు ఫోనులో చెప్పాలి, ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని. ఇక్కడే ఆ మహాతల్లి తన పుట్టుకే మరిచిపోయింది. వేటకు బయల్దేరిన మనిషిని ఎక్కడికని ఎవరైనా అడుగుతారా? ఎదురొచ్చిన పసిబిడ్డ కూడా అడగదు. అడిగితే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ కదలరు.

"అక్కా, నీ ఫోను నన్ను ఎక్కడికని అడగతా ఉండాది. అమ్మ బతికుంటే దాన్ని ఇరగ్గొట్టుండేది" అన్నాడు పెంచలయ్య.

ఆమె కూడా నవ్వేసి, ఇష్టం లేనివాళ్ళు ఆ ప్రశ్న దాటి పోవచ్చని మార్చింది. అందరూ దాటిపోయారు. సంఘం వాళ్ళకు ఐసు, డీజిలు, అమ్మకం సవ్యంగా నడిస్తే చాలు. నడిచాయి. ఆమెకు శాలువా కూడా కప్పి నెల్లూరు సాగనంపారు.

ఆ వానాకాలంలోనే సాయిలక్ష్మి తల్లికి బాగలేదని కోవూరు పోయింది. బోటులో తోడుగా వచ్చే మనిషికి జ్వరం. పెంచలయ్య ఐసు వేసుకుని ఒక్కడే పోయినాడు. సాయంత్రం రాలేదు. రేటు బాగుందని పక్క పల్లెలో ఒడ్డు పట్టి ఉంటాడులే అనుకున్నారు ఒడ్డున ఉన్నవాళ్ళు. ఫోను పలక్కపోతే, చార్జింగు అయిపోయి నిద్రపోతున్నాడేమో అనుకుంది సాయిలక్ష్మి. నీలం పెట్టె కోసం వీధిలో అరిచేవాళ్ళెవరూ లేరు. మర్నాడు మధ్యాహ్నం సాయిలక్ష్మి ఆడబిడ్డకు ఫోన్ చేసి, మీ తమ్ముడు నీకేమైనా ఫోన్ చేసినాడా వదినా అని అడిగితే గానీ మనిషి రాలేదని ఎవరికీ తెలియలేదు. అప్పుడు బోట్లు పోయాయి. అప్పటికే గాలి తిరిగింది. పక్క పల్లె వాళ్ళూ పోయారు, పైనుంచి విమానం కూడా వెతికింది. మనిషీ లేడు, బోటూ లేదు.

ఆనందకుమారి ఏడుస్తూనే కంప్యూటర్ తెరిచింది. పెంచలయ్య ఐసు తీసుకున్నాడని ఐసు సర్వీసుకు తెలుసు. పొద్దుగూకినా అతని చేపలు తూకానికి రాలేదని అమ్మకం సర్వీసుకు తెలుసు. రెండింటికీ తెలుసు. ఒకదాన్నొకటి అడగలేదు. అడగకూడదని కట్టడి చేసింది తనే. ఎవరి పని వాళ్ళు చూసుకోవాలని ఎంత గర్వంగా గీసింది ఆ సర్వీసుల బొమ్మ! ఆమె గుండెలు బాదుకుంది.

పలకరించడానికి అమీర్ బాషా వచ్చినాడు. గడప దగ్గరే కూర్చున్నాడు.

"నేను పెట్టె కోసమే అరిచేవాణ్ణమ్మా. అది మనిషి కోసం అరిచేదని ఎవురన్నా చెప్పుంటే, నువ్వు వద్దన్నా అరిచేవాణ్ణి గదమ్మా" అని తుండుగుడ్డ మొహానికడ్డం పెట్టుకున్నాడు. ఆయనకూ తెలియదు, ఆమెకూ తెలియలేదు. ఎవర్ని అనాలి?

ఆ తర్వాత ఆనందకుమారి ఇంకో సర్వీసు పెట్టింది. అది ఎవర్నీ ఎక్కడికని అడగదు. ఐసు తీసుకున్న బోటు చీకటి పడేలోగా తూకానికి రాకపోతే, ఆ ఇంటికి ఫోన్ పోతుంది. ఫోనులో వినబడేది ఆమె గొంతే: ఫలానా వారి బోటు ఇంకా ఒడ్డుకు రాలేదు, వచ్చి ఉంటే ఒకటి నొక్కండి.

దాన్ని మొదలుపెట్టిన సాయంత్రమే సాయిలక్ష్మి ఫోను మోగింది. పెంచలయ్య తీసుకున్న ఐసుకు తూకం ఇంకా పడలేదని లెక్కలో అలాగే ఉంది మరి. మర్నాడూ మోగింది. ఆ మర్నాడూ మోగింది. సంగతి తెలిసి ఆనందకుమారి పరుగున వచ్చింది. క్షమించమని మరదలి చేతులు పట్టుకుంది. ఆ పేరు ఇప్పుడే తీసేస్తానంది.

సాయిలక్ష్మి చేతులు విడిపించుకుంది.

"తీయబాకు వదినా. అందరూ పోయినాడనే అంటా ఉండారు. ఇంకా రాలేదని చెప్పేది అదొక్కటే."

ఆనందకుమారి తీయలేదు. ఇప్పటికీ చీకటి పడే వేళకు ఫోను మోగుతుంది. సాయిలక్ష్మి ఎత్తి, చివరిదాకా విని, ఏమీ నొక్కకుండా పెట్టేస్తుంది.