తొమ్మిది మార్కుల ప్రొఫెసరుగారు

చరిత్ర ప్రొఫెసరుగారికి ఏ దురలవాటూ లేదు, ఒక్కటి తప్ప. ఎవరి క్లాసులో కూర్చున్నా ఆయన స్టూడెంటైపోతారు. ముప్పయ్యేళ్ల సర్వీసు, బట్టతల, పెద్దరికం అన్నీ గుమ్మం బయటే ఆగిపోతాయి. చివరి బెంచీలో కూలబడేది మాత్రం పద్దెనిమిదేళ్ల ఆకతాయి.

ఆ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఐదుగురు కలిసి ఒక జట్టు కట్టారు. ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవాలి. బుధవారం మధ్యాహ్నం టీ తాగుతూ, పాఠం ఎక్కడ బాగుందో ఎక్కడ తేలిపోయిందో మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. 'విద్యార్థి కళ్లతో చూడాలి' అని నియమం రాసుకున్నారు. నలుగురు దాన్ని చదివి తలూపారు. ప్రొఫెసరుగారు పాటించారు.

కెమిస్ట్రీ మేడమ్ క్లాసులో పెన్ను అడిగి పుచ్చుకుని, ఇంతవరకూ తిరిగివ్వలేదు. లెక్కల మాస్టారు సరదాకి "హోంవర్కేదండీ?" అంటే, తెల్లమొహం వేసి, తనంతట తనే బయటికెళ్లి గంటసేపు వరండాలో నిలబడ్డారు. అటుగా వచ్చిన వైస్ ఛాన్సలర్ కంగారుపడ్డారు.

"ఇక్కడ నిలబడ్డారేంటండీ?"

"హోంవర్కు చెయ్యలేదండీ."

"చేసెయ్యాల్సింది కదండీ," అన్నారు ఆయన, ఇంకేమనాలో తోచక.

జట్టులోకి కొత్తగా వచ్చిన స్టాటిస్టిక్స్ మేడమ్‌కి ఇదంతా నవ్వులాటగా లేదు. ఆమెది ఏడాది ఒప్పందం మీద ఉద్యోగం. పిల్లలు వరసపెట్టి పరీక్ష తప్పుతున్నారని అప్పటికే ఒక నోటీసు వచ్చింది. ఇంకోటి వస్తే సామాను సర్దుకోవడమే. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆమె క్లాసు ప్రొఫెసరుగారి వంతుకే వచ్చింది.

మొదటిరోజే పదిహేను నిమిషాలు ఆలస్యం.

"బస్సు తప్పిపోయింది మేడమ్."

"మీ క్వార్టర్స్ ఎదురుగానే కదా సార్!"

"అందుకే తప్పిపోయింది మేడమ్. ఎక్కేలోపే దాటిపోయింది."

క్లాసు గొల్లుమంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆవలింతలు, కిటికీలోంచి చూపులు, "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?" అనే ప్రశ్నలు, నెల్లాళ్లు పళ్లబిగువున భరించింది. పరీక్ష రోజున ఆయనా కాగితం పుచ్చుకుని కూర్చున్నారు. సగంలో ఆమె పట్టేసుకుంది.

"సార్! పక్కమ్మాయి పేపర్లోకి చూస్తున్నారు!"

"లేదు మేడమ్, మెడ పట్టేసింది."

కాపీ కొట్టి కూడా ఆయనకు వందకి తొమ్మిది వచ్చాయి.

మార్కుల వరుసలో జాబితా గోడకెక్కింది. అందరి కళ్లూ ముందుగా వెతికేది ఆఖరి పేరునే. ఆఖర్న ప్రొఫెసరుగారు. ఆయన పెళ్లికొడుకులా అక్కడే నిలబడి, "నేనే, నేనే, తొమ్మిది!" అంటూ వచ్చినవాళ్లకి చేతులు కలుపుతున్నారు.

మర్నాడు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఆయన ప్రత్యక్షమయ్యారు. వెనక, తప్పినవాళ్లు పందొమ్మిది మంది.

"మేడమ్, మాకేం అర్థం కావట్లేదు."

"ఏది అర్థం కావట్లేదు?"

ఆయన వెనక్కి చూశారు. అంతవరకూ క్లాసులో నోరు విప్పని పొడుగాటి కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "రెండో వారం నుంచీ మేడమ్. మీరు బోర్డుతో మాట్లాడుతుంటారు. అడుగుదామంటే మీ వీపే కనబడుతుంది."

ఆమెకు కోపం రావాల్సింది. చిత్రంగా, ఊపిరి తేలికైంది. రెండో వారం నుంచే మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి పిల్లలవైపు తిరిగి. నెల తర్వాత మళ్లీ పరీక్ష పెడితే ఆ పందొమ్మిదిలో పదహారుమంది గట్టెక్కారు. రెండో నోటీసు రాలేదు.

ఆ బుధవారం టీ దగ్గర ఆమె అంది: "పిల్లలు చాలామంది గట్టెక్కారు గానీ, ప్రొఫెసరుగారికి మాత్రం లెక్కలు ఈ జన్మకి రావు."

లెక్కల మాస్టారికి టీ కొరబోయింది. "ఆయనకా? నూరేళ్ల జనాభా లెక్కలు తిరగేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషమ్మా! నా అనుమానాలు ఆయన్నే అడుగుతాను."

ఆమె లేచి వెళ్లి పాత పేపర్లు తీసింది. పక్కమ్మాయికి పదకొండు. పరీక్షకు ముందే, చివరి బెంచీదాకా వినబడేలా, ఆఖరిదాన్నైతే చదువు మానేస్తానని స్నేహితురాళ్లతో అన్న పిల్ల. ఆ పిల్ల రాసినవాటిలో ఏవి ఒప్పో చూసుకుని, వాటిలోనూ ఒకటి తప్పు రాసి మరీ తొమ్మిదికి దిగారు మహానుభావుడు! అన్నీ తెలిస్తే తప్ప అంత కచ్చితంగా తప్పలేరు.

ఆయన పేపరు పట్టుకుని వరండాలో ఆయన్ని నిలదీసింది. "సార్, కావాలనే చేశారు కదూ?"

"ఎవరు మేడమ్, నేనా? చదివాను మేడమ్. పరీక్షలో మర్చిపోయాను," అన్నారు ఆయన, నేల చూపులు చూస్తూ.

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. బలవంతాన మొహం చిట్లించి, పేపరు చేతికిచ్చింది.

"సరే. రేపు ఇంట్లో సంతకం పెట్టించుకు రండి."

మర్నాడు ఆయన చేతులు కట్టుకుని పేపరు అందించారు. కింద ఆయన భార్య సంతకం, దాని మీద గుండ్రటి అక్షరాల్లో నాలుగు ముక్కలు: 'ఇంట్లోనూ ఇంతే. అన్నీ తెలిసీ ఏమీ తెలియనట్టే ఉంటారు. మీరే కాస్త గట్టిగా చెప్పండి, టీచరుగారూ.'