బోర్లా పడుకుని చేసే ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూని తెలుగులో ముఖాముఖి అంటారు. మా క్లినిక్‌లో మాత్రం అది వీపుముఖి. ఉద్యోగానికి వచ్చినవాళ్ల ముందు నేను బల్ల మీద బోర్లా పడుకుంటాను. తలకాయ దూర్చుకోడానికి బల్లకి ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి నాకు వాళ్ల పాదాలు కనిపిస్తాయి, వాళ్లకి నా వీపు కనిపిస్తుంది. కాసేపు వాళ్ల చేతులు పనిచేస్తాయి. తర్వాత నేను లేచి చొక్కా వేసుకుని, ఆ చేతుల గురించి నా అభిప్రాయం చెప్పాలి.

ఈ పద్ధతి పెట్టింది అక్క. నాకు సొంత అక్క కాదు, నాతో కలిసి ఈ క్లినిక్ నడిపే సీనియర్. మందులు, సూదులు లేకుండా చేత్తోనే కీళ్లనీ కండరాలనీ కదిలించి నొప్పి తగ్గించడం మా పని. బోర్డు మీద మాన్యువల్ థెరపీ అని గౌరవంగా రాయించుకున్నాం. పేషెంట్లు పిసుకుడు అంటారు. బెంగళూరు రాజాజీనగర్‌లో ఒక బేకరీ మీద మా క్లినిక్. కింద మైదా, పైన మనుషులు. తేడా ఏమిటంటే, కిందవాళ్లు పిసికింది పొంగుతుంది, మేం పిసికింది తగ్గాలి.

ఈ వృత్తిలోకి చిన్నప్పటినుంచి కలలు కని వచ్చినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఎక్కువమందిమి డాక్టరు సీటుకి కొద్దిగా ఇవతల ఆగిపోయినవాళ్లమే. నేనైతే కొద్దిగా కాదు, బాగా ఇవతలే ఆగాను. కొన్నాళ్లపాటు మా నాన్న నన్ను బంధువులకి "సగం డాక్టరు" అని పరిచయం చేసేవాడు, ఏ సగమో చెప్పకుండా. అక్క దారి వేరు. ఆమెది నగర్తపేటలో తరతరాలుగా వెండిపని చేసే ఇల్లు. రోజంతా మెడ వంచి పనిచేసే తండ్రికి సాయంత్రం మెడ పట్టేది ఆమే. అలా పట్టీ పట్టీ, ఆ పట్టుకి పట్టా కూడా ఉంటే బాగుంటుందని మంగళూరు వెళ్లి చదువుకొచ్చింది. అందుకే ఆమెకి సర్టిఫికెట్ల మీద గౌరవం ఉంది గానీ నమ్మకం లేదు. ఎక్కడ చదివారో కాగితం చెబుతుంది, ఎలా చదివారో వీపుకే తెలుస్తుందంటుంది. ఆ వీపు నాది కావడమే నా ఉద్యోగంలో పెద్ద హోదా.

గత ఏడాది మాకు కొత్త మనిషి అవసరం పడింది. నా కుడి బొటనవేలు మొరాయించింది. వెన్నుపూసల మీద మా బరువంతా మోపేది ఆ వేలితోనే. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల కీళ్లు కదిలించేసరికి దాని మొదలు దగ్గర కీలు అరిగింది. ముందు సీసా మూతలు తిప్పలేకపోయాను, తర్వాత తాళంచెవి. చేయి తిరిగిన థెరపిస్టునని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి, ఇప్పుడు ఆ చెయ్యి తిరగడమే మానేసింది. వేలి బదులు మోచేతితో నెట్టుకొచ్చాను. పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ నడిపే పెద్దాయన ఒకరు ఏళ్లుగా నా దగ్గరికే నడుం నొప్పికి వస్తున్నారు. ఆయన బల్లమీద పడుకునే, "ఏం సార్, ఈ రోజు చెయ్యి మీది కాదే?" అన్నారు. నా పేషెంట్లని ఎవరి చేతిలో పెట్టాలి, పెట్టాక చేతులు కట్టుకుని నేనేం చేయాలి, ఇదే అప్పట్లో నన్ను తొలిచిన ప్రశ్న. ఆ వేలిని అక్కని కూడా ముట్టుకోనివ్వలేదు. ముట్టుకుంటే చెప్పేస్తుందని భయం.

మొదట వచ్చిన కుర్రాడి దగ్గర ఒక గోడకి సరిపడా వర్క్‌షాపు సర్టిఫికెట్లున్నాయి. నా వీపులో ఎక్కడెక్కడ చప్పుడు రాగలదో అక్కడంతా తెప్పించాడు. అతనికి తృప్తి మిగిలింది, నాకు నొప్పి మిగిలింది. తర్వాత వచ్చినాయన ఒక కబడ్డీ జట్టుకి ఫిజియోగా చేసి వచ్చాడు. ఆ పట్టుకి నేను గీత తాకడానికి పాకాల్సి వచ్చింది.

మూడోసారి వచ్చింది అనంతపురం వైపు అమ్మాయి. ఫిజియోథెరపీ చదివింది, కానీ కాలేజీ అయ్యాక పేషెంటుని ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ ఎలక్ట్రానిక్ సిటీలో మెడికల్ కోడింగ్ చేసింది. ఎక్కడో ఆసుపత్రుల్లో రాసిన రిపోర్టులు చదివి, ఒక్కో నొప్పికీ ఒక్కో కోడ్ తగిలించే పని. మా చదువు చదివినవాళ్లు చాలామంది అటు వెళతారు. క్లినిక్కులు ఇచ్చేదానికంటే అక్కడ జీతం మేలు. మరి ఎందుకు వదిలేశావని అక్క అడిగింది.

"రిపోర్టులో పేషెంటు ఉంటాడు మేడమ్, పెయిన్ ఉంటాది. ముట్టుకునేకి మనిషే ఉండడు. ఒకరోజు నా పక్క సీట్లో అమ్మాయికి మెడ పట్టేసింది. నాకు టక్కున కోడ్ గుర్తొచ్చింది. చెయ్యి ఎక్కడ పెట్టల్లనో గుర్తు రాలేదు."

అక్క నాకు బల్ల చూపించింది. పడుకున్నాను. చేతులు మెత్తగా ఉన్నాయి, బలం తక్కువ. ఒకచోట ఆనించి, కండరం ఒప్పుకునేదాకా ఆగి, అప్పుడు ఇంకో చోటికి వెళుతున్నాయి. అక్కడిదాకా గుర్తుంది. తర్వాత అక్క నా భుజం తట్టి లేపింది. ఆ అమ్మాయిని బయట కూర్చోబెట్టి తలుపు మూసింది.

"ఎట్లుండాదప్పా చెయ్యి?"

"తెలీదక్కా. నిద్రపోయాను."

"ఇంటర్వ్యూ చేసేటోడే నిద్రపోతే ఆ పిల్ల ఎవురికి జవాబు చెప్పల్ల?"

నా వీపు ఎవరి చేతికిందా ఇంతవరకు నిద్రపోలేదని, అది కూడా ఒక అభిప్రాయమేనని వాదించాను. నిద్రపుచ్చేదానికి జోలపాట చాలు, డిగ్రీ ఎందుకని అక్క కొట్టిపారేసింది. మెత్తటి చెయ్యి ఎవరికైనా హాయిగానే ఉంటుంది, నొప్పి ఎక్కడుందో కనుక్కోగలదా అన్నది ఆమె సందేహం. కాసేపు ఆలోచించి తలుపు తీసి, అమ్మాయిని లోపలికి పిలిచింది.

"ఈయప్ప బొటనవేలు ఒకసారి చూడమ్మా. నన్ను తాకనీడు. నీకన్నా ఇస్తాడేమో."

నాకు తెలియకుండానే చెయ్యి వెనక్కి పోయింది. ఇద్దరాడవాళ్లు నిలబడి చూస్తుంటే ఎంతసేపని దాచుకుంటాను? చివరికి చెయ్యి చాచాను. ఆ అమ్మాయి వెంటనే ముట్టుకోలేదు. పొద్దున లేవగానే ఎలా ఉంటుంది, తాళం తిప్పితే ఎలా ఉంటుంది అని అడిగింది. తర్వాత వేలి మొదలు పట్టుకుని మెల్లగా లోపలికి నొక్కుతూ తిప్పింది. నొస్తోందా అంటే కొంచెం అన్నాను.

"కొంచెం అనే పేషెంట్లకి మీరేం చెప్తారు సార్?"

"అబద్ధం ఆడొద్దంటాను."

"అయితే మళ్లీ అడుగుతా. ఎంత నొస్తోంది?"

"చానా," అన్నాను. చదువుకుని నేర్చుకున్న తెలుగు ఆ నొప్పికి ఎగిరిపోయి, మా ఊరి మాట బయటికొచ్చింది.

ఆమె వేలు వదిలిపెట్టకుండా, అరచేతిలో ఉంచుకునే చెప్పింది. "ఈ వేలితో ఇంక వీపులు నొక్కొద్దు సార్."

"కొన్నాళ్లపాటా?"

ఆమె ఒకసారి అక్క వైపు చూసింది. "అది మీకే తెలుసు కదా సార్."

తెలుసు. అరిగిన కీలు మళ్లీ రాదని ఎంతోమంది వేళ్లు పట్టుకుని నేనే చెప్పిన మాట. అవతలి కుర్చీలో కూర్చుని వింటే అది ఇంత పొడవుగా ఉంటుందని మాత్రం తెలీదు. కింద బేకరీవాళ్లు ట్రేలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

ఆ అమ్మాయి వెళ్లాక అక్క అంది: "ఉద్యోగం అడగను వచ్చి, ఓనర్ మొగం మీదనే నీ పని అయిపాయె అని చెప్పింది. ఇంగ నేనేం అడిగేది? సోమవారం రమ్మందాం."

మొదటివారం అక్క ఆమెకి చిన్న చిన్న కేసులే ఇచ్చింది. ఆ తర్వాత పీణ్య పెద్దాయన వచ్చారు. ఆయన్ని ఆమెకి అప్పగించేముందు గదిలో అటూ ఇటూ తిరిగాను. ఈ రోజునుంచి అమ్మాయి చూస్తుందని చెబితే, మీరు పక్కనే ఉండండి సార్ అని బోర్లా పడుకున్నారు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టింది. చోటు సరిగ్గానే పట్టింది, వాలు కాస్త తప్పింది. మాటల్లో చెబితే ఆయన వింటారు, ఆమె చిన్నబోతుంది. అందుకని నా అరచెయ్యి ఆమె చేతిమీద ఉంచి కొద్దిగా పక్కకి జరిపాను. బొటనవేలు గాల్లోనే ఉంచాను. కింద కండరం వదులయ్యింది. అది ఆమె చేతిలోంచి నా చేతికి తెలిసింది.

"ఇప్పుడు ఎవరి చెయ్యి సార్ ఇది?" రంధ్రంలోంచి గొంతు వచ్చింది.

"ఇద్దరిదీ."

"ఫీజు ఒకరిదే కదా?"

నవ్వాను. నవ్వుతూనే నా చెయ్యి తీసేశాను. ఆమె చెయ్యి కదలకుండా ఉన్నచోటే నిలబడింది. పెద్దాయన కనిపెట్టినట్టు లేరు. ఫ్యాక్టరీలో కొత్త మిషన్ వచ్చిందని, అది ఎత్తుగా ఉండి కాసేపు కూడా నిలబడలేకపోతున్నానని నాతో చెబుతూ పోయారు. నేను స్టూలు లాక్కుని ఆయన తల దగ్గర కూర్చుని, ఎంత ఎత్తు, ఏ కాలి మీద బరువు వేస్తున్నారు అని అడగడం మొదలుపెట్టాను.