బాపు బండి చప్పుడు

సిగ్నల్ దగ్గర ఆగగానే మా కొత్త కారు ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. "పెట్రోల్ మిగులుతదమ్మా" అని కారు నడిపే మా అమ్మాయి గొప్పగా చెప్పినప్పుడల్లా నాకు ఎక్కడినుంచో ఉడికే పసుపు వాసన వస్తుంది, తల దించుకుంటాను.

మా బాపు ఆర్మూర్ పసుపు మార్కెట్లో కాంటా వేసేవాడు. ఆయనకో పాత మోపెడ్. పొద్దున నన్ను వెనక ఎక్కించుకుని గుట్ట దగ్గరి ఎత్తు ఎక్కేదాకా ఇంజన్ నడిపి, దిగుడు మొదలవగానే టక్కున బంద్ చేసేవాడు. చప్పుడు పోగానే ఊరు చెవిన పడేది. అరుగుల మీద ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల ముచ్చట్లు, మా బండి గొలుసు కిటకిట వింటూ, మాఘమాసపు లేత ఎండలో, ఊరి చివర కడాయిల్లో ఉడికే పసుపు పచ్చివాసన పీలుస్తూ జారిపోతుంటే ఎంత హాయిగా ఉండేదో! "దేవుడిచ్చిన డౌను బిడ్డా, దీనికి పెట్రోల్ ఎందుకు?" అనేవాడు బాపు.

ఆరో తరగతికొచ్చేసరికి ఆ హాయి కాస్తా నామోషీ అయింది. దుబాయి డబ్బులొచ్చే ఇళ్ల పిల్లలు కొత్త స్కూటర్ల మీద బర్రుమంటూ వచ్చేవారు. మా బడి గేటు సరిగ్గా ఆ దిగుడు చివరే. చప్పుడు లేకుండా వచ్చి ఆగిన మమ్మల్ని చూసి ఒకతి, "ఏమే, మీ బండి సచ్చిందా?" అంది. అందరూ పకపక నవ్వారు. ఆ సాయంత్రం అన్నాల దగ్గర, "బడి కాడ బండి బంద్ చెయ్యకు బాపు, నా ఇజ్జత్ పోతున్నది" అన్నాను. ముద్ద కలుపుతూ "సరే తియ్" అన్నాడు, అంతే.

మర్నాటినుంచి మా బండి గేటుదాకా బర్రుమంటూనే వచ్చింది. నేను తలెత్తుకుని దిగేదాన్ని. "నీ చప్పుడుకు కాలే పెట్రోల్‌ను మీ బాపు వాపసొచ్చేటప్పుడు బండి నూక్కుంట మిగిలిస్తున్నడే" అని అమ్మ అంటే నమ్మలేదు.

ఒంటిపూట బడి వదిలిన ఓ మధ్యాహ్నం, స్నేహితులతో గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మార్కెట్ వైపునుంచి బాపు బండి నెట్టుకుంటూ ఆ ఎత్తుకేసి వస్తున్నాడు. చొక్కా నిండా పసుపు, మెడ మీద చెమట పచ్చగా కారుతోంది. నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఓ పిల్ల వెనక నక్కాను. అప్పటికే బాపు నన్ను చూసేశాడు. నవ్వబోయి, నా పక్కనున్నవాళ్లను చూసి, గుట్టవైపు ముఖం తిప్పుకుని నేనెవరో తెలియనట్టే వెళ్లిపోయాడు. ఆ చెప్పు ఎంతకీ సరికాలేదు నాకు. ఛీ, ఏం పుట్టుక నాది అనిపిస్తుంది ఇప్పటికీ.

ఆ ఎత్తును చదును చేసి రోడ్డు వెడల్పు చేశారు. బాపూ లేడు. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఒక్క క్షణం అదే నిశ్శబ్దం. చుట్టూ ఎవరూ నవ్వరు. "మా బాపు గిట్లనే బంద్ చేసేటోడు" అని మా అమ్మాయికి చెబుదామని నోటిదాకా వస్తుంది. చెబితే ఆ గేటు దగ్గరి సంగతీ చెప్పాలి. అందుకే ఇంతవరకు చెప్పలేదు.