అక్క పాత మోడే పెట్టమంది

పక్షవాతం వచ్చాక మా రూతక్క ఈ రోజే మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చుంది. విజయవాడలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది తను. తను ఎప్పుడూ వాడే పెన్ మోడ్‌లో, కంప్యూటర్‌కి తగిలించిన డ్రాయింగ్ టాబ్లెట్ మీద పెన్ను ఎక్కడ పెడితే స్క్రీన్ మీద కర్సర్ అక్కడికే వెళ్తుంది. అక్క కుడి చెయ్యేమో సగం దూరమే జరుగుతోంది, కర్సర్ కూడా స్క్రీన్ సగం దగ్గరే ఆగిపోతోంది.

నేను మౌస్ మోడ్‌కి మార్చాను. పెన్ను ఎత్తి, మళ్ళీ పెట్టి జరుపుతుంటే కర్సర్ స్క్రీన్ చివరిదాకా వెళ్ళింది. కానీ ఫోటోలోంచి పెళ్ళికూతురి బొమ్మను కత్తిరించడానికి జుట్టు చుట్టూ గీస్తుంటే, పెన్ను ఎత్తినప్పుడల్లా గీత తెగిపోయింది.

"పాతదే పెట్టవే," అంది.

"చెయ్యి అందదు కదక్కా."

"అందినంతవరకే చేస్తాను."

మళ్ళీ పెన్ మోడే పెట్టాను. సాయంత్రానికి ఒకవైపు జుట్టే పూర్తయింది. అక్క కంప్యూటర్ కట్టేసింది.

చెయ్యి కొంచెమే జరిగినా స్క్రీనంతా అందేలా పెన్ మోడ్ సెట్ చేయడం మీలో ఎవరికైనా తెలుసా? నేను చూసిన వీడియోలన్నిటిలో అందరి చేతులూ బాగానే ఉన్నాయి.