అంకుల్ కుర్చీ పక్కన దీపం

కెనడాలోని హామిల్టన్‌లో తెలుగు స్టూడెంట్లతో బేస్‌మెంట్లన్నీ నిండిపోయిన రోజులవి. అలాంటి ఒక ఇంటి ఓనరు కమలకుమారి గారి గురించి కింద అద్దెకుండే పిల్లలు ఒక మాట చెప్పుకునేవారు. పైకి వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చుంటే, ఆవిడ లైట్లన్నీ ఆర్పి వెలిగించి ఇక లేవమని చెబుతారట.

హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేని ఇల్లది. ఒకరోజు కొత్త స్మార్ట్ లైట్లు ఫోన్‌కి కలపమని ఆవిడ ఆ పిల్లల్లో ఒకరైన ధాత్రిని పైకి పిలిచారు.

"నేను స్టవ్ దగ్గర నొక్కితే అంకుల్ కుర్చీ పక్కన దీపమొక్కటే మెల్లగా వెలగాలమ్మా. అన్నీ ఒక్కసారే ఆరి వెలుగుతుంటే ఉలిక్కిపడుతున్నారు."

"ఒక్క కేకేస్తే వచ్చేస్తారుగా ఆంటీ?"

ఆవిడ నవ్వారు. "ఖమ్మంలో కాపురం పెట్టిన కొత్తలో, అత్తగారి ముందు పిలవాలంటే సిగ్గు. తలుపు చాటున గాజులు గలగలలాడించేదాన్ని. పేపరు పడేసి దొంగలా వచ్చేవారు!"

ధాత్రి సెట్ చేసి ఫోన్ అందించింది. ఆవిడ స్టవ్ దగ్గరకెళ్లి నొక్కారు. కిటికీ దగ్గర, అంకుల్ కుర్చీ పక్కన దీపం తెల్లవారుతున్నట్టు వెలిగింది. కోదండరామ్ గారు తల తిప్పి భార్యను చూశారు. నవ్వుతూ లేచి భోజనానికి వచ్చారు.

ఆయనకు రెండేళ్లుగా చెవులు వినపడవు.