పండిన పురుగు, కనబడని బోర్డు

ఈ కాలం పిల్లలకు ఫోన్లు చూసి చూసి కళ్ళు పోతున్నాయని మావాళ్ళు బాధపడతారు. నాకు ఫోను లేకుండానే పోయాయి. మా ఇంట్లో పట్టుపురుగులు పెంచే గదిలో ఉన్న ఒక్క బల్బు కింద, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదవడం నా అలవాటు. "చదవతా ఉండావా, వాసన చూస్తా ఉండావా?" అని నాన్న ఆటపట్టించేవాడు.

స్కూల్లో నాలాంటి పొడుగు పిల్లలకు వెనక బెంచీ. అక్కడినుంచి నల్లబల్ల నాకు నల్లగా మాత్రమే కనిపించేది. రాస్తూ పైకి చదివే టీచర్లు ఉన్నంతకాలం చెవులతో నెట్టుకొచ్చాను. తర్వాత నోరు మెదపకుండా లెక్కలు రాసే మేష్టారొకరు వచ్చారు. పరీక్షలో నాకు సున్నా వచ్చింది.

"బోర్డు కనబడలేదమ్మా" అంటే అమ్మ నమ్మితేనా! గూడు కట్టడానికి సిద్ధమైన పురుగులను మా ఇంట్లో ఏరేది నేనే. పండిన పురుగు ఒంట్లో పసుపు జాడ అందరికంటే ముందు నా కంటికే దొరికేది. తట్ట మీదికి అంతలా వంగేదాన్ని మరి.

"ఇంత పురుగు కనబడతాది, అంత బోర్డు కనబడదా? కండ్లు నెత్తికెక్కినాయా?" అని అమ్మ తిట్టింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ నన్ను అబద్ధాలకోరు అనుకోవడం ఆ సున్నా కంటే కష్టంగా ఉండింది.

ఒకరోజు కోలారులో ఉన్న పెద్దమ్మను చూడటానికి ముళబాగిలు బస్టాండుకు వెళ్ళాం. అమ్మకు చదువు రాదు.

"ఆ బస్సు యాడికి పోతాదో చూసి చెప్పు" అంది.

"కనబడలేదమ్మా."

"మళ్ళా అదే పాటా?"

ఇంకేం చేయను, కోలారే అన్నాను. చదువు రాని అమ్మ, చూపు ఆనని నేను, ఇద్దరం ఎక్కి దర్జాగా కిటికీ పక్కన కూర్చున్నాం.

బస్సు కదిలాక కండక్టరు వచ్చి, "ఇది చిత్తూరు బస్సమ్మా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి, "ఆ అంగడి బోర్డు కనబడతాదా?" అని అడిగింది.

"లేదు."

"రోడ్డుకు ఆ పక్కన నిలబడిన మనిషి మొగం?"

"లేదమ్మా."

అమ్మ బస్సు ఆపించింది. దిగి వెనక్కి వచ్చి, పెద్దమ్మ సంగతి పక్కనబెట్టి, నన్ను నేరుగా కళ్ళద్దాల అంగడికి తీసుకుపోయింది.

అద్దాలు పెట్టుకుని మొదటిసారి స్కూలునుంచి ఇంటికొస్తూ వీధి మలుపులోనే ఆగిపోయాను. అమ్మ గడప దగ్గర నిలబడి నాకోసం చూస్తోంది. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు. నేను దగ్గరికి వచ్చేకొద్దీ ఆ నవ్వును దాచేసుకుని, "ఇంతసేపూ యాడ తిరగతా ఉండావు?" అని కసిరింది.

అన్నేళ్ళూ నేను చూసింది ఆ దగ్గరి ముఖమే.