పగ్గం కొస పట్టుకున్న పిల్ల

1949లో జాగీర్లు పోయిన సంగతి ఖాజాగూడలో నాకు మొదట చెప్పింది పాలు పోసే మల్లమ్మ. పొద్దున్నే తులసి దగ్గర దీపం పెట్టి లేస్తున్నాను. చెంబులోకి పాలు వంచుతూనే మొదలుపెట్టింది.

"వదినా, దేవిడీల గుర్రాలన్నీ అమ్మేసిండ్రట. సాయిసు నర్సింహను పొమ్మన్నరట. ఉన్న అర్ర గూడ ఖాళీ చేయాల్నట. పెండ్లాం, చంటిపిల్ల... యాడికి పోతరో ఏమో."

దేవిడీ అంటే జాగీర్దారు ఉండే పెద్ద ఇల్లు. సాయిసు అంటే గుర్రాలను కడిగి, మేపి, మాలీషు చేసి సాకేవాడు. నర్సింహ నాకు బాగా తెలుసు. అతని కూతురు మణికి పురుడు కడిగిన నాటి నుంచి నీళ్లు పోసింది నేనే.

నా పని అదే, పసిపిల్లలకు నీళ్లు పోయడం. బడికి పోయినదాన్ని కాను. అక్షరాలు మా నాయన ఇంట్లో దిద్దించాడు, ఈ పని మా అత్తమ్మ ఇంట్లో నేర్పింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకోవాలి. ఆముదంతో ఒళ్లు రుద్ది, నలుగు పెట్టి, వేన్నీళ్లు పోయాలి. వేడి మోచేత్తో చూడాలి. తల మీద పోసేటప్పుడు నీళ్లు ముక్కులోకి పోకుండా ఎడమ చెయ్యి నుదుటికి చూరులా అడ్డం పెట్టాలి. చూడటానికి ఇంతే. కానీ బిడ్డ భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి ఎంత నూనె రుద్దినా లాభం లేదు. బిడ్డ తన భారమంతా మన కాళ్ల మీద వదిలేయాలి. అదే అసలు పని.

మా పశువుల కొట్టం పక్క అర్ర ఖాళీగా ఉంటే వాళ్లను అందులో ఉండమన్నాం. నర్సింహ గుట్ట దగ్గర బండలు కొట్టే పనికి కుదిరాడు. చేతులకు కాయలు కాచేలోపే గుత్తేదారు ఆ పని ఆపేశాడు. అదే రోజుల్లో అతని భార్య సత్తెమ్మకు వాళ్ల మేనత్త గోల్కొండ దిక్కున ఒక దవాఖానలో ఆయా పని ఇప్పించింది. పొద్దున పోయి దీపాల వేళకు రావాలి. పిల్లను వెంట తీసుకుపోకూడదు. ఏడాది దాటిన మణి అప్పుడప్పుడే నాలుగడుగులు వేస్తోంది.

అట్లా చూస్తుండగానే ఆ ఇల్లు తలకిందులైంది. సంపాదన ఆమెది, పిల్ల అతనిది. ఆ కాలంలో మా ఊళ్లో అట్లాంటి ఇల్లు ఇంకొకటి లేదు. సత్తెమ్మ పనిలో చేరిన మరునాడు నేను ఆముదం గిన్నె పట్టుకుని పోతే నర్సింహ ముందే పీట వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, నీళ్లు పోసుడు నాకు నేర్పు."

"నీకా?"

"నాకే. నువ్వు నాలుగిండ్లు తిరిగి వచ్చేసరికి దీనికి నిద్ర వేళ దాటుతున్నది. గంత గంత గుర్రాలను తోమినోన్ని, గీ గుప్పెడు పిల్లను తోమనా?"

"తోముడు గాదు తమ్మీ. అక్కన్నే ఉన్నది తేడా."

మొదటి రోజు అతని చేతులకు గుర్రమే గుర్తుకొచ్చింది. పిల్ల ఏడవగానే నాలుకతో టక్‌టక్‌మని చప్పుడు చేశాడు. మడమ పట్టి పైకెత్తి అరికాలు చూశాడు.

"ఏంది, గుర్రం డెక్కకు కొట్టినట్టు నాడా కొడ్తవా?" అన్నాను. అతను నవ్వాడు, ఏడుపు మాని పిల్ల కూడా నవ్వింది.

సరిగ్గా అప్పుడే మల్లమ్మ వచ్చింది. "ఓయమ్మా, మీసాలున్నోడివి, కాళ్లు చాపుకుని కూసున్నవ్. బాలింతవా ఏంది?"

"అవును మల్లవ్వా. జర మిరియాల కారం తెచ్చిపెట్టు, ఒళ్లంతా నొప్పులు" అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

వారం తిరిగేసరికి అతనికి నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. బెదిరే ప్రాణిని ఎట్లా తాకాలో ఆ చేతులకు ముందే తెలుసు. మణి అతని కాళ్ల మీద తడిబట్టలా వాలిపోయేది. నేను సాంబ్రాణి పొగ వేయడానికి మాత్రం పోయేదాన్ని. ఆ తండ్రీబిడ్డలను అట్లా చూస్తుంటే నాకు తెలియకుండానే రామనామం నోటికి వచ్చేది.

అయితే ఒక చిక్కు ఉండేది. మా పెరట్లో బావికి అప్పటికి గోడ లేదు. నర్సింహ నీళ్లు చేదాలి, వంట చేయాలి, మా బర్రెలకు గడ్డి వేయాలి. నడక వచ్చీరాని పిల్ల ఎటు పోతుందో తెలియదు. సాయిసు కదా, అతనికి తోచిన ఉపాయం ఒకటే. తను సాకిన గుర్రానిది ఒక నూలు పగ్గం దాచుకున్నాడు, వాడి వాడి పత్తిలా మెత్తబడినది. దాన్ని పిల్ల నడుముకు వదులుగా కట్టి, రెండో కొస వాకిట్లో గుంజకు కట్టాడు. పిల్ల ఏడవలేదు. గుంజ చుట్టూ తిరుగుతూ, మట్టిలో ఆడుతూ హాయిగా ఉండేది. బావి భయం తీరిందని అందరం సంతోషించాం.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం సత్తెమ్మ తొందరగా వచ్చింది. పిల్ల నడుముకు పగ్గం లేదు, అప్పుడే నీళ్లు పోసి గౌను తొడిగాడు. గేటు దగ్గర కూర్చుని సత్తెమ్మ చేతులు చాపింది. "రా బిడ్డా, రా." మణి నవ్వుకుంటూ పరుగులాంటి నడకతో తులసి గద్దె దాకా వచ్చి ఠక్కున ఆగింది. నడుము మీద చెయ్యి పెట్టుకుంది. తల్లి మళ్లీ పిలిచింది. పిల్ల అక్కడే కూలబడి ఏడుపు లంకించుకుంది. సత్తెమ్మే వచ్చి ఎత్తి గద్దెకు ఇవతల, గేటు వైపు నిలబెడితే కాళ్లు ముడుచుకుంది.

సత్తెమ్మ ముఖం తెల్లబోయింది. "నా పిల్ల కాళ్లు పడిపోతున్నయ్ అక్కా. ఊళ్లె అందరు అంటనే ఉన్నరు, తల్లి ఇల్లిడిచి పోతే గిట్లనే అయితదని. రేపటికెల్లి దవాఖాన బంద్. నేను పోను."

ఆ పని పోతే ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. దేవిడీ పోయింది, బండల పనీ పోయింది. నేను పిల్లను ఒళ్లోకి తీసుకుని తుంటి, మోకాలు, మడమ అన్నీ పట్టి చూశాను. గట్టిగా, నిండుగా ఉన్నాయి. ఎక్కడా లోపం లేదు. అదే చెప్పాను. కానీ లోపం లేకపోతే ఎందుకు ఆగింది?

నర్సింహ నేల వంక చూస్తున్నాడు. గుంజ చుట్టూ మట్టి అరిగి గుండ్రంగా బాట పడి ఉంది. ఆ బాట తులసి గద్దెను ఆనుకుని పోతోంది.

"కాళ్లకేం గాలేదు సత్తీ" అన్నాడు మెల్లగా. "పగ్గం లేదని పిల్లకు ఎరుక లేదు. గుంజకాడ పెరిగిన గుర్రప్పిల్ల గూడ గిట్లనే చేస్తది. ఇడిచిపెట్టినా అక్కన్నే తిరుగుతది."

"మరి ఏం చేద్దాం?"

"నడుంకెల్లి ఇప్పితే కాదు, గుంజకెల్లి ఇప్పాలె. అమాస దాకా ఆగు. గప్పటికీ నీకాడికి రాకుంటే నువ్వన్నట్టే ఇంట్ల కూసో. నేను యాడనన్న కూలి చేస్త."

మరునాడు పగ్గం మళ్లీ పిల్ల నడుముకు కట్టాడు. రెండో కొస మాత్రం తన చేతిలో పట్టుకున్నాడు. పిల్లను లాగలేదు, పిలవలేదు. అది ఎటు అడుగు వేస్తే అటు తనూ వెనకాలే పోయాడు. గద్దె దగ్గర మణి ఆగింది. అతనూ ఆగి, పని లేనివాడిలా అక్కడే గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపటికి పిల్ల ఒక కాలు ముందుకు పెట్టింది. పగ్గం బిగుసుకోలేదు. వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. ఇంకో కాలు పెట్టింది.

రోజురోజుకూ గేటు, ఆ తర్వాత గల్లీ, ఆ తర్వాత చెరువు కట్ట దాకా పోయారు. ఊరు ఊరుకుంటుందా? "సాయిసుకు గుర్రం పోయి పిల్ల దొరికింది" అని నవ్వేవాళ్లు. "అవును, దీనికి దాణా తక్కువ, దౌడు ఎక్కువ" అని అతనూ నవ్వేవాడు. ఎవరి మాటా పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు. అతని కళ్లు ఎప్పుడూ ఆ చిన్న పాదాల మీదే ఉండేవి.

అమావాస్య నాటి సాయంత్రం నేను తులసి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. సత్తెమ్మ గేటు తీసింది. పొద్దంతా మనసు మనసులో లేనట్టుంది, గుమ్మంలోనే ఆగిపోయింది. మణి గుంజ దగ్గర మట్టిలో ఆడుకుంటోంది. నడుముకు పగ్గం ఉంది, కొస నేల మీద పడి ఉంది. దాన్ని పట్టుకుని ఎవరూ లేరు. నర్సింహ దూరంగా కొట్టం గోడకు ఆనుకుని ఉన్నాడు.

"మణీ" అని పిలిచింది తల్లి.

పిల్ల లేచింది. రెండడుగులు వేసి ఆగింది. వంగి పగ్గం కొసను తన పిడికిట్లోనే పట్టుకుంది. అట్లా పట్టుకుని గుంజ దగ్గర్నుంచి, ఆ అరిగిన బాట దాటి, తులసి గద్దె దాటి, నా పక్కనుంచే తల్లి చేతుల్లోకి వెళ్లిపోయింది. సత్తెమ్మ ఏడ్చింది. నర్సింహ గోడ దగ్గర్నుంచి కదల్లేదు, టక్‌టక్‌మని నాలుకతో చప్పుడు చేశాడు.

సత్తెమ్మ దవాఖాన పని మానలేదు. చాలా ఏళ్లు చేసింది. బాలానగర్‌లో కార్ఖానాలు లేచినప్పుడు నర్సింహకూ అక్కడ పని దొరికింది. మధ్యలో కొడుకు పుడితే నన్ను పీట మీద కూర్చోనివ్వలేదు. "నువ్వు సాంబ్రాణి వెయ్యి అక్కా, చాలు" అన్నాడు.

ఆ తర్వాత నడక ఆలస్యమైన బిడ్డను ఎవరైనా నా దగ్గరికి తెస్తే, కాళ్లు పట్టి చూడకముందే పొద్దంతా ఎక్కడ ఉంటుంది, ఎవరు చూసుకుంటారు అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఎంతోమంది బిడ్డల విషయంలో ఆ అడగడమే ఆముదం కన్నా ఎక్కువ పని చేసింది. ఆ కుటుంబాన్ని మా కొట్టం పక్కకు పంపినందుకు దేవుడికి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

మీ ఇంట్లో పసిబిడ్డకు నీళ్లు పోసే పూట, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టినప్పుడు, ఒక్కసారి సాయిసు నర్సింహను తలుచుకోండి.